ప్రిన్సిపాల్ కుర్చీ: కొన్ని అపోహలు - వాస్తవాలు

ఈ జూన్ 30న ఉద్యోగ విరమణ చేస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అధ్యాపకుడిగా మొదలై ప్రిన్సిపాల్‌గా ముగిస్తున్నవాణ్ని. సంగతి తెలిసినప్పటి నుంచి పలకరించే ప్రతివారి మాటలోనూ ఈ కుర్చీ గురించి ఏదో ఒక భ్రమ వినిపిస్తోంది.

అపోహ: "ఇంకొన్నాళ్లు ఉండవచ్చు కదండీ, అప్పుడే ఎందుకు ప్రకటించారు?"

ప్రకటించడానికి నేనెవరిని? అమెరికాలో అయితే కళాశాల అధ్యక్షులు చాలా ముందుగానే ప్రకటిస్తారు, ట్రస్టీల బోర్డు ఒక సంఘాన్ని వేసి వారసుల్ని వెతుకుతుంది. మా దగ్గర చేరిననాడే సర్వీసు రిజిస్టరులో పుట్టినతేదీ ఎక్కుతుంది, అంతే. మారితే వయోపరిమితి మారాలి. అది 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021 నుంచి 61. ఇక జూన్ 30 ఎందుకంటారా? నా తరంలో చాలామంది కాగితాల మీద జులై ఒకటినే పుట్టారు. బడిలో చేర్చుకునేటప్పుడు వయసు సరిపోయేలా పంతులుగారు వేసిన తేదీ అది. ఒకటో తేదీన పుట్టినవారు ముందు నెల చివరి రోజునే దిగిపోవాలన్నది నిబంధన. మా అమ్మ లెక్కలో నేను సంక్రాంతి ముందు పుట్టాను. ఆవిడ మాట ట్రెజరీలో చెల్లదు.

అపోహ: కాలేజీలో ప్రిన్సిపాల్ మాటే శాసనం.

అధ్యాపకుణ్ని ఎంపిక చేసేది పబ్లిక్ సర్వీస్ కమిషన్. బదిలీలు చూసేది కళాశాల విద్య కమిషనరేట్. సిలబస్ విశ్వవిద్యాలయానిది. సీట్లు ఆన్‌లైన్‌లో నిండుతాయి, తెలంగాణలో 2016 నుంచి 'దోస్త్' చేస్తున్న పని అదే. ప్రిన్సిపాల్‌కు మిగిలేవి రెండు: సంతకం, టైంటేబుల్.

సంతకం ఖరీదైనది. జీతాల బిల్లు నుంచి సుద్దముక్కల బిల్లు దాకా డబ్బు డ్రా చేసే అధికారి ప్రిన్సిపాలే. ఎన్నేళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరం వచ్చినా ఆ పేరే వెతుక్కుంటూ వస్తుంది. మార్చి 31 లోపు ట్రెజరీ దాటని బడ్జెట్ మురిగిపోతుంది. మార్చిలో పాఠం చెబుతున్న ప్రిన్సిపాల్ కనిపిస్తే అభినందించండి.

అసలు అధికారం టైంటేబుల్‌లో ఉంది. జనం దాన్ని గుమాస్తా పని అనుకుంటారు. నేను పనిచేసిన ఒక మండల కేంద్రంలో సాయంత్రం నాలుగున్నరకు పల్లెవెలుగు బస్సు ఉండేది. అది తప్పితే మళ్లీ చీకటిపడ్డాకే. చివరి పీరియడ్ ముగిసేది నాలుగుంబావుకి, బస్టాండు చూస్తే కిలోమీటరున్నర దూరం. కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ మధ్యాహ్నం పెట్టడంతో అమ్మాయిలు టైట్రేషన్ సగంలో బ్యూరెట్ వదిలేసి పరుగెత్తేవారు. ప్రాక్టికల్స్ ఉదయానికి మార్చాం. భోజన విరామం కుదించి, నాలుగింటికి ముందే చివరి గంట కొట్టించాం. దానికి పైనుంచి ఏ ఉత్తర్వూ అవసరం రాలేదు. ఇద్దరు ముగ్గురు అధ్యాపకులు నొచ్చుకున్నారు, పొద్దున వచ్చే రైలు వేళలు వారికీ ఉంటాయి మరి. అమ్మాయిల హాజరు మాత్రం నిలబడింది.

అపోహ: స్వయంప్రతిపత్తి వస్తే కళాశాలే పట్టా ఇస్తుంది.

ఇవ్వదు. సిలబస్, ప్రశ్నపత్రం, మూల్యాంకనం కళాశాలవి. పట్టా విశ్వవిద్యాలయానిదే.

అపోహ: కళాశాలల నాణ్యత చూసి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ 'నాక్' బృందం వచ్చేముందు గోడలకు రంగులు వేయిస్తే గ్రేడు వస్తుంది.

2017లో తెచ్చిన పద్ధతిలో మార్కుల్లో దాదాపు 70 శాతం కళాశాల ముందుగా ఆన్‌లైన్‌లో పంపిన లెక్కల మీదే ఆధారపడేవి. బృందం గేటు దాటేసరికే చాలావరకు తేలిపోయి ఉండేది. నాలుగు పాయింట్లకు 3.51 వస్తే ఏ ప్లస్ ప్లస్, 1.50 దాటకపోతే గుర్తింపే ఉండేది కాదు. ఇందులో నాకు మింగుడుపడనిది ఒకటుంది. ఫొటో, హాజరు పట్టిక, నివేదిక లేని పని జరగనట్టే లెక్క. పరీక్ష తప్పిన పిల్లవాణ్ని సాయంత్రాలు కూర్చోబెట్టి ఆర్గానిక్ కెమిస్ట్రీ నేర్పిన అధ్యాపకురాలికి ఫొటో ఉండదు. బ్యానరు కట్టి గంటసేపు సదస్సు నడిపినవారికి ఫైలు నిండా ఫొటోలే.

అపోహ: "రఘుపతి వెంకటరత్నం నాయుడుగారి కాలం వేరు. ఇప్పటి ప్రిన్సిపాల్ ఏం చేయగలరు?"

ఇది ప్రిన్సిపాల్ మాటే శాసనం అనేవారికి అటు చివరన ఉన్నవారి మాట. కాకినాడ పిఠాపురం రాజా కళాశాలకు ఆయన 1904 నుంచి 1919 దాకా ప్రిన్సిపాల్. వెనుక మహారాజా అండ ఉందన్నదీ నిజమే. అయితే ఆయన పేరు నిలిచింది ఎవరికి తలుపు తెరిచారన్నదాని వల్ల: ఆడపిల్లలకు, దళిత విద్యార్థులకు. ప్రవేశాల పని ఇప్పటికీ ప్రిన్సిపాల్ చేతికి అందేదే. ఇంటర్ ఫలితాలు రాగానే అధ్యాపకుల్ని వెంటబెట్టుకుని ఊళ్లకు వెళ్లండి. కళాశాలలో ఒక కంప్యూటర్ ముందు మనిషిని కూర్చోబెట్టండి. ఓటీపీ వచ్చే ఫోను కూలికెళ్లిన నాన్న జేబులో ఉండటం వల్ల దరఖాస్తు ఆగిపోయిన పిల్లలు ఎంతమంది ఉంటారో అప్పుడు తెలుస్తుంది.

అపోహ: రిటైరైతే మర్నాటి నుంచి హాయి.

స్టాకు రిజిస్టర్లు సరిపోలితేనే. ఎప్పుడో కొన్న మైక్రోస్కోపు, ఎవరో తీసుకెళ్లి తిరిగివ్వని లైబ్రరీ పుస్తకం, అన్నీ ఛార్జి అప్పగించే రోజున లేచి కూర్చుంటాయి. అందుకని మా వాళ్లు ఫిబ్రవరి నుంచే లెక్క చూస్తున్నారు. నా తర్వాత వచ్చేవారికి ఒక్క మనవి. శాలువాలు కప్పించుకోవడం అయ్యాక నేరుగా బ్యాంకుకు వెళ్లండి. ఖాతాలో సంతకం మారేదాకా విద్యార్థుల ఫీజులతోనే నడిచే స్వయం ఆర్థిక కోర్సులు చెప్పే అధ్యాపకుల జీతాలు కదలవు.