లివర్ మచ్చలకు యాంటీఆక్సిడెంట్ మాత్రలా? అపోహలు - వాస్తవాలు

గుంటూరు కొత్తపేటలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మొన్న ఒకాయన ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో చూసే పరీక్ష) రిపోర్టుతో పాటు ఒక క్యారీబ్యాగ్ తెచ్చి బల్ల మీద బోర్లించారు. పసుపు క్యాప్సూల్స్, గ్రీన్ టీ మాత్రలు, విటమిన్ ఇ, ఉసిరి పొడి. "అన్నీ నేచురలే కదా మేడం" అన్నారు. ఆ మాట వింటేనే నాకు టెన్షన్.

అపోహ: యాంటీఆక్సిడెంట్లు మచ్చల్ని కరిగిస్తాయి.

వాస్తవం: కొవ్వు, మద్యం, హెపటైటిస్ వైరస్ లాంటివి లివర్ కణాలను దెబ్బతీసినప్పుడు ఫ్రీ రాడికల్స్ అనే హాని చేసే అణువులు పెరుగుతాయి. అప్పటిదాకా విటమిన్ ఎ దాచుకుని ఊరకే ఉన్న స్టెల్లేట్ కణాలు రెచ్చిపోయి కొలాజెన్ అనే పీచును పోగేస్తాయి. ఆ పీచే మచ్చ. ఫ్రీ రాడికల్స్‌ను యాంటీఆక్సిడెంట్లు అడ్డుకుంటాయి కాబట్టి ఆశ పుట్టడం సహజమే. కానీ 2010లో వెలువడిన పివెన్స్ ట్రయల్‌లో, షుగర్ లేకుండా ఫ్యాటీ లివర్ వాపు ఉన్నవాళ్లకు రోజుకు 800 యూనిట్ల విటమిన్ ఇ 96 వారాలు ఇచ్చి చూశారు. కొవ్వు, వాపు తగ్గాయి. మచ్చ మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. అంత డోసు డాక్టర్ చెప్పకుండా వేసుకోకూడదు.

అపోహ: రోజూ తినే పసుపే కదా, క్యాప్సూల్ అయితే ఏం?

వాస్తవం: పప్పులో చిటికెడు వేరు, మిరియాల సారం కలిపి ఒంటికి బాగా పట్టేలా చేసిన క్యాప్సూల్ వేరు. వాటితో కామెర్లు వచ్చి ఆస్పత్రిలో చేరిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. గ్రీన్ టీ మాత్రలతోనూ, తిప్పతీగతోనూ అంతే. కప్పులో కాచుకునే గ్రీన్ టీతో ఆ భయం చాలా తక్కువ.

అపోహ: రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ (లివర్ ఎంజైమ్) నార్మల్ అంటే మచ్చ లేనట్టే.

వాస్తవం: కాదు. నార్మల్‌గా ఉన్నా లోపల మచ్చ ఉండొచ్చు.

మరి తిండి దండగా? అస్సలు కాదు. గోంగూర, తోటకూర, జామకాయ, పచ్చి ఉసిరికాయ రోజూ తినమనే చెబుతాను. ఉసిరికాయ పచ్చడి మాత్రం ఉప్పు వల్ల కొంచెమే. చక్కెర లేని కాఫీ తాగేవాళ్లను నేను ఆపను. కాఫీ తాగేవాళ్లలో మచ్చలు తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. ఫ్యాటీ లివర్‌లో మచ్చ వెనక్కి తగ్గేది ఎక్కువగా బరువు తగ్గితేనే. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో, బరువు 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లలో 45 శాతం మందికి మచ్చ తగ్గింది.

ఆయన బరువు 80 కిలోలు. రోజుకు ఐదు టీలు, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర. ఆదివారం మద్యం. క్యాప్సూల్స్ అన్నీ పక్కన పెట్టించి, మద్యం పూర్తిగా మానేయమని, ముందు టీలో చక్కెర తీసేయమని రాసిచ్చాను. ఏడాదిలో 8 కిలోలు తగ్గాలని పెట్టుకున్నాం.