కయోటీని కాల్చవచ్చు, పందెం మాత్రం కాయకూడదు

న్యూయార్క్ రాష్ట్రంలో 2024 నవంబర్ 1 నుంచి ఒక చిత్రమైన చట్టం అమల్లో ఉంది. లైసెన్సున్న వేటగాడు సీజన్‌లో కయోటీలనే అడవి జంతువులను ఎన్నయినా కాల్చవచ్చు. కానీ ఎవరు ఎక్కువ చంపారో, ఎవరి జంతువు ఎక్కువ బరువు తూగిందో లెక్కగట్టి బహుమతి ఇస్తే మాత్రం 500 నుంచి 2,000 డాలర్ల దాకా జరిమానా పడుతుంది. చంపిన జంతువులను ప్రభుత్వం స్వాధీనం చేసుకుంటుంది. వేటే నేరమైన మన దేశం నుంచి చూస్తే ఇదేం తిరకాసు అనిపిస్తుంది. అయితే ఆ దేశంలో బహుమతికి చాలా పాత కథ ఉంది.

కయోటీ మన నక్కకు దగ్గరి చుట్టం, కాస్త పెద్దది. పోటీ రోజున జట్లు తెల్లారకముందే బయల్దేరతాయి. గాయపడ్డ కుందేలు అరుపును వినిపించే యంత్రం ఒకటి పెట్టుకుని, ఆ అరుపు విని ఆశగా వచ్చినదాన్ని కాలుస్తారు. సాయంత్రానికి ఏ బార్ వెనకో, క్లబ్బు ముందో కాటా వేలాడుతుంది. ప్రవేశ రుసుములోంచే బహుమతులు ఇస్తారు. కొన్నిచోట్ల మిగిలిన డబ్బు ఊరి ఫైర్ స్టేషన్‌కో, పిల్లల ఆటలకో పోతుంది. అందుకే వీటిని వద్దన్నవాళ్లు ఊళ్లో ఊరికి అడ్డం పడ్డవాళ్లయ్యారు.

తోడేలును చంపితే డబ్బిచ్చే అలవాటు అక్కడి ప్రభుత్వాలదే. మసాచుసెట్స్ బే వలస రాజ్యం 1630లోనే తోడేళ్లను చంపినవారికి బహుమతి ప్రకటించింది. తోడేళ్లు తరిగాక వంతు కయోటీలకు వచ్చింది. 1931లో అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్ చేసిన చట్టంతో వీటిని చంపడం సమాఖ్య ప్రభుత్వ ఉద్యోగమైంది. ఆ తర్వాత మాంసం ఎరల్లో విషం పెట్టి పశ్చిమ రాష్ట్రాలంతటా చల్లారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన 1972లోనే, అధ్యక్షుడు నిక్సన్ సమాఖ్య భూముల్లో ఆ విషాలను ఆపించారు. పదేళ్లకు అధ్యక్షుడు రేగన్ ఆ ఉత్తర్వును ఎత్తేశారు. ఇప్పటికీ సమాఖ్య వ్యవసాయ శాఖలోని ఒక విభాగం చాలా సంవత్సరాల్లో 60 వేల పైచిలుకు కయోటీలను చంపుతూనే ఉంది.

ఇంత చేసినా కయోటీ తగ్గలేదు సరికదా, హవాయి తప్ప దేశమంతా పాకింది. స్థిరంగా ఉన్న గుంపులో సాధారణంగా పెద్ద జంట ఒక్కటే పిల్లల్ని కంటుంది. ఆ జంట పోతే గుంపు చెదిరి, మిగిలినవీ ఈనడం మొదలుపెడతాయి. తిండికి పోటీ తగ్గడంతో బతికే పిల్లలూ ఎక్కువే. గొర్రెపిల్లలు పోగొట్టుకున్న రైతు కోపాన్ని కాదనలేం. కానీ కాటా మీద తూగిన కయోటీ అతని మందకు వచ్చినదేనని ఎవరు చెప్పగలరు?

లెక్కపెట్టి చంపే సరదా కయోటీలతోనే మొదలవలేదు. క్రిస్మస్ నాడు రెండు జట్లుగా విడిపోయి కనిపించిన పిట్టనల్లా కాల్చే ఆట ఒకటుండేది. పక్షి శాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ 1900లో దానికి విరుగుడుగా, చంపకుండా లెక్కపెడదాం రండి అని పిలిచాడు. ఆ ఏడు 27 మంది వచ్చారు. ఆ లెక్కింపు నేటికీ ఏటా జరుగుతోంది. అదే 1900లో పారిస్‌లో ఒలింపిక్ క్రీడల వేళ బతికున్న పావురాలను ఎగరేసి కాల్చే పోటీ పెట్టారు. పెన్సిల్వేనియాలోని హెగిన్స్ ఊళ్లో అలాంటి పోటీ 1934లో మొదలై 1998 దాకా సాగింది. దాన్ని ఆపింది శాసనసభ కాదు, 1999లో రాష్ట్ర సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు.

అమెరికాలో అడవి జంతువుల మీద పెత్తనం ప్రధానంగా రాష్ట్రాలది. జింకకు సీజనుంటుంది, పరిమితి ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో కయోటీకి ఆ రెండూ లేవు. పోటీలు బతికింది ఆ సందులోనే. 2013లో ఉత్తర కాలిఫోర్నియాలోని మోడాక్ కౌంటీలో కయోటీ పోటీ ప్రకటించేసరికి గొడవ రాజుకుంది. దశాబ్దాల తర్వాత కాలిఫోర్నియాలో అడుగుపెట్టిన, ఓఆర్-7 అని పిలిచే తొలి తోడేలు ఆ చుట్టుపక్కలే తిరిగి ఉండటంతో, కయోటీ అనుకుని దాన్ని కాల్చేస్తారేమోనన్న భయం తోడైంది. 2014 డిసెంబర్‌లో ఆ రాష్ట్ర వేట, చేపల కమిషన్ ఇలాంటి పోటీల్లో బహుమతులను నిషేధించింది. తుపాకీని ముట్టుకోకుండా బహుమతిని పట్టుకోవడం అనే కిటుకు అక్కడ దొరికింది.

తర్వాత దారులు రెండయ్యాయి. అరిజోనా, మసాచుసెట్స్, కొలరాడో, వాషింగ్టన్, ఒరెగాన్‌లలో కమిషన్లు, బోర్డులు నిబంధన రాశాయి. ఈ పోటీల రచ్చ వేటకే ఎసరు పెడుతుందన్నది అరిజోనా కమిషన్ భయం. నాకు ఇందులో జంతుప్రేమ కన్నా లోకజ్ఞానమే ఎక్కువ కనిపిస్తుంది. అయితే కమిషన్ రాసినదాన్ని రేపు మరో కమిషన్ కొట్టేయవచ్చు. అందుకే ఉద్యమకారులు శాసనసభల తలుపు తట్టారు. 2018లో వెర్మాంట్, 2019లో న్యూమెక్సికో, 2021లో మేరీలాండ్ చట్టాలు చేశాయి. న్యూయార్క్ గవర్నర్ కాథీ హోకుల్ 2023 డిసెంబర్‌లో సంతకం పెట్టారు.

న్యూయార్క్ చట్టంలో మినహాయింపులున్నాయి. తెల్లతోక జింక, టర్కీ కోడి, ఎలుగుబంటి పోటీలు పెట్టుకోవచ్చు. చేపల పోటీల జోలికీ పోలేదు. టెక్సాస్‌లో ఈ గొడవేమీ లేదు. అక్కడ శాన్ ఏంజెలో ఊరు కేంద్రంగా బాబ్‌క్యాట్‌ అనే అడవి పిల్లుల పోటీ నడుస్తోంది. అన్నిటికన్నా బరువైన బాబ్‌క్యాట్‌ను తెచ్చిన జట్టుకు వేల డాలర్లు దక్కుతాయి.