కొలంబైన్ పువ్వు తోక ఎలా సాగింది?

డెన్వర్‌లో కూతురి దగ్గరికి వచ్చిన ఒకావిడ మొన్న ఫోన్ చేసి అడిగారు. "కొండ మీదికి తీసుకెళ్లారండీ, అక్కడ నీలం తెలుపు కలిసిన పువ్వులు, వెనకాల తోకలు కూడా ఉన్నాయి. గింజలు పట్టుకెళ్లి కూకట్‌పల్లిలో మా డాబా మీద వేసుకోవచ్చా?" అది కొలంబైన్. 1899 నుంచీ కొలరాడో రాష్ట్ర పుష్పం, ప్రభుత్వ భూముల్లో దాన్ని పెకలించకూడదని 1925లో చట్టం కూడా చేశారు. అందుకని కొండ మీద గింజల జోలికి వెళ్లొద్దు, నర్సరీలో ప్యాకెట్ దొరుకుతుంది అన్నాను. డాబా సంగతి తర్వాత చెప్తాను. ముందు ఆవిడ "తోకలు" అన్నారే, దాని గురించి చెప్పకుండా ఉండలేను.

న్యూజెర్సీలో మా పెరట్లో ఉన్నది దీని చుట్టమే, ఎరుపు పసుపు కలిసిన కెనడెన్సిస్ జాతి. మే నెలలో తల వంచుకుని పూస్తుంది. బడిలో మనకి పువ్వంటే మందార పువ్వు బొమ్మ వేసి, రక్షక పత్రాలు ఆకుపచ్చగా ఉంటాయి, ఆకర్షణ పత్రాలు రంగుగా ఉంటాయి అని బట్టీ పట్టించారు. కొలంబైన్ దగ్గర ఆ పాఠం పనికిరాదు, ఇక్కడ ఐదు రక్షక పత్రాలకీ రంగే. పిల్లలకి ఒక్క పువ్వుతో సరిపెట్టకుండా నాలుగు రకాలు చేతికిచ్చి విప్పించాలని నేను ఎప్పుడూ పోరుతుంటాను. ఇక ఐదు ఆకర్షణ పత్రాల్లో ఒక్కొక్కటీ వెనక్కి సాగి, సన్నటి గొట్టమై, కొసన చిన్న బుడిపెతో ముగుస్తుంది. ఒక రేకు నెమ్మదిగా లాగి ఎండకేసి పట్టి చూడండి. బుడిపె దగ్గర మకరందం ఎక్కడిదాకా నిలబడిందో, థర్మామీటర్‌లో పాదరసంలా గీత కనబడుతుంది. ఇంగ్లీషులో ఈ గొట్టాన్ని స్పర్ అంటారు, కోడిపుంజు కాలి వెనక ఉండే ముల్లుకీ అదే పేరు. బాల్సమ్ అని మన నర్సరీల్లో అమ్మే కాశీతుమ్మ పువ్వు వెనక కూడా ఇలాంటి తోక ఒకటుంటుంది, కాకపోతే అది రక్షక పత్రం సాగి వచ్చింది.

కొలంబా అంటే లాటిన్‌లో పావురం. పువ్వుని తలకిందులు చేస్తే ఐదు పావురాలు ముక్కులు కలిపి కూర్చున్నట్టు ఉంటుంది, కొలంబైన్ పేరు అందుకే వచ్చింది.

ఈ గొట్టం పొడవు జాతికీ జాతికీ ఎంత తేడానో చూడండి. చైనాలో పెరిగే ఎకాల్కరేటా జాతికి గొట్టమే లేదు. యూరప్ తోటల్లోని వల్గారిస్‌ది పొట్టిగా, కొక్కెంలా వంగి ఉంటుంది, దాని దగ్గరికి బంబుల్ తేనెటీగలు వస్తాయి. మా కెనడెన్సిస్‌ది సుమారు 2 సెంటీమీటర్లు, దానికి హమ్మింగ్‌బర్డ్ అనే చిన్న పిట్ట. కొలరాడో పువ్వుకి 5 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, దానికి సీతాకోకచిలుకల చుట్టాలైన, పొడవాటి నాలుకల హాక్‌మాత్ పురుగులు. టెక్సస్, మెక్సికో వైపు పెరిగే లాంగిసిమాకైతే 10 సెంటీమీటర్లు దాటిపోతుంది. విటాల్, హాడ్జెస్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2007లో ఈ జాతుల వంశవృక్షం గీసి చూస్తే, గొట్టం పొడవు కొంచెం కొంచెంగా కాక, పరాగాన్ని మోసే జీవి మారినప్పుడల్లా గబుక్కున పెరిగినట్టు తేలింది. తేనెటీగ నుంచి పిట్టకి మారినప్పుడు ఒక గెంతు, పిట్ట నుంచి హాక్‌మాత్‌కి మారినప్పుడు ఇంకో గెంతు. పొడుగు వల్ల పువ్వుకేం లాభమంటారా? గొట్టం నాలుక కంటే ఒక్క పిసరు ఎక్కువుంటేనే ఆ పురుగు మొహం కేసరాలకి ఆనేదాకా లోపలికి దూరుతుంది, పుప్పొడి అంటించుకుని పోతుంది. 1999లో హాడ్జెస్ బృందం సియెరా నెవాడా కొండల్లో పైకి చూసే ప్యుబెసెన్స్ అనే కొలంబైన్ జాతి పువ్వుల్ని కిందికి వంచి కడితే, హాక్‌మాత్‌ల రాకపోకలు దాదాపు పదో వంతుకి పడిపోయాయి. గొట్టాలు పొట్టి చేస్తే మాత్రం పురుగులు వచ్చాయి, తాగాయి, కానీ పుప్పొడి తక్కువ తీసుకెళ్లాయి. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది.

మరి అంత గొట్టాన్ని మొక్క ఎలా తయారుచేస్తుంది? గోడ ఎత్తు పెరగాలంటే ఇటుకలు ఎక్కువ పెట్టాలి కదా, పొడుగు గొట్టంలో కణాలు ఎక్కువుంటాయనే అందరూ అనుకున్నారు. 2012లో హార్వర్డ్‌లో ఎలీనా క్రేమర్, మహదేవన్‌ల బృందం నాలుగు జాతుల మొగ్గల్లో కణాలు ఒక్కొక్కటీ కొలిచి చూసింది. గొట్టం ఒక సెంటీమీటరు దాటకముందే కణవిభజన ఆగిపోతోంది. ఆ తర్వాతి పొడుగంతా ఉన్న కణాలే నిలువునా సాగడం వల్ల వస్తోంది, జాతుల మధ్య తేడాలో 99 శాతం లెక్క దీనితోనే సరిపోయింది. తర్వాతి పరిశీలనల్లో కొన్ని జాతుల మధ్య కణాల సంఖ్యకూ వాటా ఉందని తేలింది గానీ, సాగడం మాత్రం పెద్ద సంగతే.

కణం ఒక్క దిక్కుకే ఎందుకు సాగుతుంది అంటే, నాకు కృష్ణా జిల్లాలో మా తాతయ్య కట్టించే ధాన్యపు పురి గుర్తొస్తుంది. వరిగడ్డిని లావుగా తాడు పేని, గుండ్రంగా చుట్టుకుంటూ లోపల వడ్లు పోసేవాళ్లు, మళ్లీ ఒక చుట్టు, మళ్లీ వడ్లు. వడ్లు పక్కలకి తోస్తాయి, తాడు పోనివ్వదు, ఇక పురి పైకే లేవాలి. మొక్క కణంలో వడ్ల పని నీళ్లు చేస్తాయి. లోపలి ఒత్తిడి కారు టైరులో గాలి కంటే ఎక్కువే ఉంటుంది, అది అన్ని వైపులా ఒకేలా నెడుతుంది. కానీ కణం గోడలో సెల్యులోజ్ పోగులు నడుముకి గడ్డితాడులా అడ్డంగా చుట్టుకుని ఉంటే లావెక్కడానికి దారి లేదు, నిలువునా సాగడమే. పురికీ కణానికీ ఒక తేడా ఉంది. పురిలో కొత్త చుట్టు పైన పడుతుంది, కణంలో పాత చుట్లు ఎడమయ్యే కొద్దీ లోపలి వైపు నుంచి కొత్త చుట్లు పడుతూ ఉంటాయి. ఆ తాడు పేనే ఎంజైములు కణం పొరలో ఉండి, మైక్రోట్యూబ్యూల్స్ అనే సన్నటి కడ్డీల వెంట రైలు పట్టాల మీద బండిలా నడుస్తాయి. ఆ పట్టాలు పీకేస్తే? క్రేమర్ బృందం అదీ చేసింది. ఒరైజలిన్ అనే కలుపుమందు మైక్రోట్యూబ్యూల్స్‌ని విడగొడుతుంది. అది తగిలిన మొగ్గల్లో కణాలు గుండ్రంగా ఉబ్బాయి, గొట్టాలు పొట్టిగా లావుగా వచ్చాయి. మందు పడనివి మామూలుగా సన్నగా సాగాయి. లాంగిసిమా జాతి ఇంకొన్ని రోజులు ఎక్కువ సాగుతుంది, అంతే. నాలుక పొడుగున్న పురుగు వస్తే కొత్త అవయవం కనిపెట్టక్కర్లేదు, ఉన్న పురినే ఇంకాస్త లేపితే చాలు.

అసలు గొట్టం మొదలవ్వాలంటే మాత్రం ముందు కణవిభజన కావాలి. గొట్టం లేని ఎకాల్కరేటాని గొట్టమున్న జాతితో కలిపి, పిల్లమొక్కల్లో వెతికి, దానికి కారణమైన జన్యువుని 2020లో పట్టుకున్నారు. దానికి పోపోవిచ్ అని పేరు పెట్టారు, శాన్ ఆంటోనియో స్పర్స్ బాస్కెట్‌బాల్ జట్టుకి అప్పట్లో కోచ్‌గా ఉన్నాయన పేరది.

ఇక పెంపకం. ఆకుల మీద తెల్లటి వంకర గీతలు కనబడితే కొందరు దిష్టి తగిలింది అంటారు. కాదండీ, ఒక చిన్న ఈగ పిల్ల ఆకు పై పొరకీ కింది పొరకీ మధ్య తింటూ నడిచిన దారి అది, ఆకుని ఎండకేసి పట్టుకుంటే గీత చివర్లో ఆ పురుగు కనబడుతుంది. మొక్క చావదు, ఆ ఆకు తుంచేస్తే సరి. రెండు జాతులు పక్కపక్కన పెడితే తేనెటీగలు కలిపేస్తాయి, రాలిన గింజల నుంచి అమ్మ రంగు రాదు. మొక్క మూడు నాలుగేళ్లే బతుకుతుంది గానీ, రాలిన గింజలు వాటంతట అవే మొలుస్తాయి.

కూకట్‌పల్లి డాబాకి నా జవాబు, వద్దు. వేరే దేశం నుంచి గింజలు తేవాలంటే క్వారంటైన్ అనుమతులు కావాలి, అదొకటి. తడి చలి తగలందే చాలా గింజలు లేవవు, సరే, తడి టిష్యూలో చుట్టి నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టి మొలిపించారే అనుకుందాం. మొలిచిన మొక్క కూడా పూత పట్టడానికి వారాల తరబడి 5 డిగ్రీల చుట్టుపక్కల చలి అనుభవించాలి, హైదరాబాద్ డిసెంబర్ దానికి చాలదు, ఆ వెనకే ఏప్రిల్ ఎండ. లంబసింగిలో కూడా ఆ చలి కొద్ది రోజులే. మన దేశంలో ఈ పువ్వుని చూడాలంటే హిమాలయాల్లో, కశ్మీర్ నుంచి ఉత్తరాఖండ్ దాకా, వేరే జాతులున్నాయి.

డెన్వర్‌లో మీ అమ్మాయి పెరట్లో అయితే నిక్షేపంగా వేయండి. అక్టోబర్‌లో నల్లగా మెరిసే ఆ గింజల్ని తడిమట్టి మీద చల్లి, అరచేత్తో ఒక్కసారి అదిమి వదిలేయండి. పైన మట్టి కప్పకండి, వాటికి వెలుతురు కావాలి. వచ్చే ఏడు ఆకులే వస్తాయి, పువ్వు ఆ పై ఏడు.