చూడటానికీ నిద్రపోవడానికీ మధ్య సందు

టెర్మినల్‌లో కంట్రోల్-సి నొక్కితే నడుస్తున్న ప్రోగ్రాం ఆగిపోతుందని హనుమకొండలో సి లాంగ్వేజి నేర్చుకునే ఇంజనీరింగ్ విద్యార్థులందరికీ తెలుసు. ఆ మీటలు నొక్కగానే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ ఆ ప్రోగ్రాంకు ఒక సిగ్నల్ పంపుతుంది. సిగ్నల్‌కు వేళాపాళా ఉండదు. ఆ సిగ్నల్ కోసం ప్రోగ్రాంలో హ్యాండ్లర్ అనే చిన్న ఫంక్షన్ రాసిపెట్టి ఉంటే, ప్రోగ్రాం ఏ పని సగంలో ఉన్నా ఆపించి, ఆ ఫంక్షన్‌ను నడిపించి, ఆ తర్వాత ఆగిన చోటి నుంచే పనిని సాగనిస్తుంది. చిక్కంతా ఈ "సగంలో" అన్నచోటే ఉంది.

సిగ్నల్ కోసం కాచుకునే ప్రోగ్రాంను చాలామంది ఇలా రాస్తారు: సిగ్నల్ వస్తే హ్యాండ్లర్ ఫ్లాగ్ అనే ఒక గుర్తును 1 చేస్తుంది, అసలు ప్రోగ్రాం ఆ ఫ్లాగ్‌ను చూసి, అది ఇంకా 0గానే ఉంటే పాజ్ అనే సిస్టమ్ కాల్‌తో, అంటే కెర్నెల్‌ను అడిగి, నిద్రపోతుంది. ఎన్నిసార్లు చదివినా ఇందులో తప్పు కనిపించదు. కానీ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల పక్కన పడిగాపులు పడుతున్న రైతు "మన కాంటా అచ్చిందా?" అని అడిగి, "ఇంకా రాలే" అన్న జవాబు విని, దుప్పటి ముసుగు పెట్టుకునేలోపే అతని పేరు పిలిచి వెళ్లిపోతే ఏమవుతుంది? ప్రోగ్రాంకూ అదే గతి పడుతుంది. ఫ్లాగ్‌ను చూశాక, నిద్రలోకి జారకముందు సిగ్నల్ వస్తే, హ్యాండ్లర్ తన పని చేసి వెళ్లిపోతుంది. ప్రోగ్రాం మాత్రం ఇక రాని సిగ్నల్ కోసం నిద్రపోతుంది.

దీన్నే రేస్ కండిషన్ అంటారు. పట్టుకుందామని మధ్యలో నాలుగు ప్రింట్ వాక్యాలు పెడితే, కాలం లెక్క మారిపోయి బగ్ మాయమవుతుంది. నిద్రకు గడువు పెట్టి ప్రతి సెకనుకూ లేచి చూసే మందు కొందరు వాడతారు. అది రోగాన్ని దాస్తుందే తప్ప తగ్గించదు. సందును చిన్నది చేసినా లాభం లేదు, అసలు లేకుండా చేయాలి.

అందుకు ముందుగా ఆ సిగ్నల్‌ను బ్లాక్ చేయాలి. బ్లాక్‌లో ఉన్నప్పుడు వచ్చిన సిగ్నల్ పోదు, కెర్నెల్ దగ్గర పెండింగ్‌లో ఉంటుంది. అప్పుడు ఫ్లాగ్‌ను నింపాదిగా చూసుకుని, పాజ్‌కు బదులు సిగ్‌సస్పెండ్ అనే కాల్‌ను పిలవాలి. అందులో బ్లాక్ తీయడం, నిద్రపోవడం అనే రెండు పనులనూ కెర్నెల్ విడదీయరాని ఒకే పనిగా చేస్తుంది. సిగ్నల్ అప్పటికే పెండింగ్‌లో ఉంటే హ్యాండ్లర్ నడిచి, కాల్ వెంటనే తిరిగి వస్తుంది. ఫైళ్ల కోసం, నెట్‌వర్క్ కోసం కూడా ఎదురుచూసే ప్రోగ్రాంలకు ఇదే పని చేసే కాల్ పీసెలెక్ట్. విచిత్రమేమంటే, లైనక్స్ కెర్నెల్‌లోకి అది 2.6.16 వెర్షన్‌తో 2006లో గానీ రాలేదు. అంతకుముందు సి లైబ్రరీ రెండు విడి కాల్స్‌ను జతచేసి పీసెలెక్ట్ పేరుతో అందించింది, అంటే మందు సీసాలోనే రోగం ఉండేది.

కెర్నెల్ లోపలి కోడ్ కూడా ఈ సందుకు అతీతం కాదు. అక్కడ వరుసనే తిరగేశారు: ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, ముందు తాను నిద్రలో ఉన్నట్టు రాసుకుని, ఆ తర్వాతే సిగ్నల్ ఉందా అని చూసి, చివరకు ప్రాసెసర్‌ను వదులుతుంది. మధ్యలో సిగ్నల్ వస్తే ఆ రాతను మేల్కొన్నట్టుగా మార్చేస్తుంది కనుక నిద్ర పట్టదు.

ఇంకో రకం రేస్ హ్యాండ్లర్‌లోనే పుడుతుంది. సర్వర్లలోకి దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్‌లో, గడువులోగా లాగిన్ కాని వారి కోసం మోగే అలారం సిగ్నల్ హ్యాండ్లర్ లాగ్, అంటే జరిగినదాని నమోదు, రాసేది. లాగ్ రాయడానికి మెమరీ కేటాయింపు కావాలి. సిగ్నల్ వచ్చేసరికి ప్రోగ్రాం అదే కేటాయింపు సగంలో ఉంటే లెక్కలు చెడిపోతాయి. 2006లో సరిచేసిన ఈ లోపం, 2020లో కోడ్ మారుస్తూ ఒక రక్షణ వరుసను పొరపాటున తీసేయడంతో తిరిగొచ్చింది. 2024 జూలైలో దాన్ని బయటపెట్టిన క్వాలిస్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ, సగటున 10,000 ప్రయత్నాలతో ఈ రేస్ గెలవవచ్చని చూపింది. గెలిచినవారికి దక్కేది ఆ సర్వర్‌పై రూట్ అధికారం, అంటే ఏదైనా చేయగల పూర్తి అధికారం. 9.8 వెర్షన్‌లో ఆ హ్యాండ్లర్ ప్రాసెస్‌ను ముగించి ఊరుకుంటుంది. లాగ్ రాసే పనిని దాన్ని కనిపెట్టుకుని ఉండే మాతృ ప్రాసెస్‌కు అప్పగించారు.