నాన్‌లీనియర్ కంట్రోల్: అపోహలు - వాస్తవాలు

అపోహ: సిస్టమ్ నాన్‌లీనియర్ (ఇన్‌పుట్‌కి తగ్గ నిష్పత్తిలో అవుట్‌పుట్ మారనిది) అయితే పీఐడీ (కావాల్సిన విలువకీ ఉన్నదానికీ తేడా, అంటే ఎర్రర్, దాని కూడిక, దాని మార్పు వేగం చూసి సరిదిద్దే కంట్రోలర్) పనికిరాదు.

ఎందుకు పనికిరాదు? వేగం, ఎత్తు మారేకొద్దీ విమానం ప్రవర్తనే మారిపోతుంది. అయినా ఒక్కో పరిస్థితికి ఒక్కో గెయిన్ల (ఎర్రర్‌కి ఎంత గట్టిగా స్పందించాలో చెప్పే అంకెల) సెట్ పెట్టుకునే గెయిన్ షెడ్యూలింగ్‌తో దశాబ్దాలుగా నడిపిస్తున్నారు. పీఐడీ పని చేయట్లేదని నా దగ్గరికొచ్చే చాలా కేసుల్లో అసలు జబ్బు ఇంటిగ్రల్ వైండప్. వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నాక కూడా ఇంటిగ్రేటర్ ఎర్రర్‌ని కూడుకుంటూనే పోతుంది, అందుకే సెట్‌పాయింట్ (కావాల్సిన విలువ) దాటినా వాల్వ్ వెంటనే మూసుకోదు. ఆ కూడికను ఆపే యాంటీ వైండప్ అంటే నాలుగు లైన్ల కోడ్. అది రాయకుండా న్యూరల్ నెట్‌వర్క్ పెడదామా అని అడుగుతారు!

అపోహ: అల్గారిథమ్ మారిస్తే లూప్ (కొలిచి, లెక్కేసి, సరిదిద్దే చక్రం) వేగం పెరుగుతుంది.

ముందు ఆలస్యం లెక్క చూడండి. 1 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్, అంటే సెకనుకి వెయ్యి సార్లు కొలవడం అనుకుందాం. లెక్క చేయడానికి ఒక శాంపిల్, అవుట్‌పుట్‌ని పట్టి ఉంచినందుకు అర శాంపిల్, మొత్తం 1.5 మిల్లీసెకన్లు. క్రాసోవర్ (లూప్ గెయిన్ 1కి పడిపోయే ఫ్రీక్వెన్సీ, లూప్ వేగానికి కొలత) 50 హెర్ట్జ్ దగ్గరుంటే దీనికే 27 డిగ్రీల ఫేజ్ మార్జిన్ (లూప్ అదుపు తప్పి ఊగకుండా ఉన్న వెసులుబాటు) పోయింది, 100 హెర్ట్జ్ కావాలంటే 54. ఇందులో సెన్సర్ ఫిల్టర్, కమ్యూనికేషన్ బస్ వాటా ఇంకా కలపనే లేదు. ఆసిల్లోస్కోప్ పెట్టి సెన్సర్ నుంచి యాక్చువేటర్ దాకా ఎంత పడుతోందో కొలిచాకే కంట్రోలర్ మాట ఎత్తండి.

అపోహ: ఎంపీసీ (మోడల్‌తో ముందు ఏం జరుగుతుందో అంచనా వేసి, ప్రతిసారీ మేలైన ఇన్‌పుట్‌ని లెక్కగట్టే కంట్రోల్) నెమ్మది ప్రాసెస్‌లకే.

1970లలో రిఫైనరీల్లో మొదలైనప్పుడు అలాగే ఉండేది, అక్కడ నిమిషానికోసారి లెక్క వేసినా సరిపోయేది. ఇప్పుడు చిన్న సమస్యలైతే మైక్రోసెకన్లలో తేలిపోతాయి. ముందే పరిష్కరించి టేబుల్‌గా దాచుకునే పద్ధతీ ఉంది, కాకపోతే స్టేట్‌లు (సిస్టమ్ స్థితిని చెప్పే రాశులు), పరిమితులు పెరిగితే టేబుల్ మెమరీ చాలనంతగా ఉబ్బిపోతుంది. సాల్వర్ సగటు టైమ్ చూసి మురిసిపోకండి, గడువు తప్పేది అత్యంత కష్టమైన కేసులోనే.

అపోహ: స్లైడింగ్ మోడ్‌కి (ఇన్‌పుట్‌ని అటూ ఇటూ వేగంగా మారుస్తూ సిస్టమ్‌ని ముందే గీసుకున్న దారిలో నిలిపే పద్ధతికి) మోడల్ అక్కర్లేదు.

కచ్చితమైన మోడల్ అక్కర్లేదు, అంతే. డిస్టర్బెన్స్ గరిష్ఠంగా ఎంతో తెలియాలి, పైగా అది కంట్రోల్ ఇన్‌పుట్ దారిలోనే రావాలి. ప్లస్ లేదా మైనస్ గుర్తు మాత్రమే ఇచ్చే సైన్ (sign) ఫంక్షన్‌ని కోడ్‌లో అలాగే దింపితే మోటర్ గీపెడుతుంది, గేర్లు అరిగిపోతాయి. బౌండరీ లేయర్ (ఆ మార్పుని ఒక్కసారిగా కాకుండా నునుపుగా చేసే సన్నని పట్టీ) పెడితే చాటరింగ్ అనే ఆ అదురు తగ్గుతుంది, బదులుగా కొంచెం ఎర్రర్ మిగులుతుంది. పవర్ కన్వర్టర్లలో స్విచింగ్ ఎలాగూ ఉంటుంది కాబట్టి అక్కడ బాగా అతుకుతుంది.

అపోహ: అడాప్టివ్ కంట్రోలర్ (నడుస్తుండగానే తన గెయిన్లు తానే మార్చుకునేది) తనే సర్దుకుంటుంది, వదిలేయొచ్చు.

1967 నవంబర్ 15న కూలిపోయిన అమెరికా రాకెట్ విమానం ఎక్స్-15లో ఉన్నది అడాప్టివ్ సిస్టమే. ప్రమాదానికి కారణాలు చాలా ఉన్నాయి గానీ, చివర్లో ఊగిసలాట మొదలయ్యాక తగ్గాల్సిన గెయిన్ తగ్గలేదు. అందుకే గెయిన్‌కి పై హద్దు, కింది హద్దు పెట్టండి, సిగ్నల్‌లో కదలిక లేనప్పుడు అడాప్టేషన్ ఆపేయండి.