అద్దం మాదిరి నీళ్లు, తేలిన చేపలు: పెద్ద అక్వేరియం కొత్తగా పెట్టినవాళ్ల అపోహలు - వాస్తవాలు

అనంతపురంలో నాకొక అక్వేరియం షాపు ఉంది. ట్యాంకులు కట్టిస్తాను, చేపలు అమ్ముతాను, పిలిస్తే ఇళ్లకు వెళ్లి శుభ్రం చేసి వస్తాను. నాకొచ్చే ఫోన్లలో సగం ఒకే రకం. కొత్తగా గృహప్రవేశం అయి ఉంటుంది. హాల్లో నాలుగడుగుల ట్యాంకు పెట్టి రెండు వారాలై ఉంటుంది. "అన్నా, నీళ్లు అద్దం మాదిరి ఉండాయి. అయినా దినానికొక చేప సస్తాంది. నువ్విచ్చిన చేపలే సరిగా లేవేమో" అంటారు.

ఆ చివరి మాట ఒక్కోసారి నిజమే, ఒప్పుకుంటాను. చెన్నై కొళత్తూరు నుంచి రాత్రంతా కవర్లో ఊగుతూ వచ్చిన చేప మొదటి రెండు రోజులు నీరసంగానే ఉంటుంది. కానీ రెండో వారంలో పోయే చేపకు కారణం నీళ్లే. నేను రోజూ వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే బాగున్నట్టే.

చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి నీళ్లలోకి వచ్చే విషం అమ్మోనియా. దానికి రంగు లేదు. చేపను చంపేంత ఉన్నా మన ముక్కుకు వాసన తెలియదు. ఒక చిన్న లెక్క చెబుతాను. 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఉన్న ట్యాంకంటే 12 ఘనపుటడుగులు, సుమారు 340 లీటర్లు. అడుగున రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే 300 లీటర్ల నీళ్లుంటాయి. పిల్లలు ముచ్చటపడి పొద్దున, సాయంత్రం కలిపి 10 గ్రాముల మేత వేశారనుకోండి. అందులో మాంసకృత్తులు 35 శాతం ఉంటే, చేపల పెంపకంలో వాడే లెక్క ప్రకారం దాన్నుంచి రోజుకు 300 మిల్లీగ్రాములకు పైగా అమ్మోనియా నైట్రోజన్ నీళ్లలోకి వస్తుంది. అంటే లీటరుకు రోజుకు 1 మిల్లీగ్రాము. ఆ అమ్మోనియాను తినేవి ఏవీ లేకపోతే నాలుగో రోజుకు 4 అవుతుంది. నీళ్లు మాత్రం అద్దం మాదిరే ఉంటాయి.

దాన్ని తినేవి రెండు రకాల బాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. నైట్రైట్ కూడా విషమే, నైట్రేట్ చాలా నయం. పెరుగు తోడుకోవడానికి ఒక రాత్రి చాలు గానీ ఈ బాక్టీరియా బద్ధకపు జాతి. ఒకటి రెండు కావడానికే దాదాపు ఒక రోజు తీసుకుంటుంది. కొత్త ఫిల్టరులో అవి సరిపడా పెరగడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. మొదటి నెలలోనే ఎక్కువ చేపలు పోవడానికి కారణం ఇదే.

తోడు వేసినట్టు, బాగా నడుస్తున్న పాత ట్యాంకులోంచి స్పాంజ్ ముక్క తెచ్చి మీ ఫిల్టరులో పెడితే ఈ కాలం బాగా తగ్గుతుంది. నా దగ్గర ట్యాంకు కొన్నవాళ్లకు ముక్క ఊరికే ఇస్తాను, తడి ఆరకుండా గంటలోపు ఇంటికి చేరిస్తే చాలు. సీసాల్లో అమ్మే బాక్టీరియా మందు నేనూ అమ్ముతాను. కొన్ని పనిచేస్తాయి. కానీ ఎండలో లారీ ఎక్కి దిగిన సీసాలో ఏది బతికుందో చెప్పలేను, అందుకే సీసా కన్నా స్పాంజ్ ముక్కనే నమ్ముతాను.

దీనికి తలకిందులుగా ఇంకో భయం ఉంది. మొదటి వారంలో నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడతాయి. అది వేరే రకం బాక్టీరియా ఒక్కసారిగా పెరగడం. మేత తగ్గించి ఊరుకుంటే తనంతట తనే తేటపడుతుంది. ఊరుకోరు. పల్లెల్లో బురదనీళ్లు తేర్చడానికి చిల్లగింజ అరగదీసే అలవాటు, పటిక తిప్పే అలవాటు మనకుంది కదా, ఒకామె ట్యాంకులో గుప్పెడు పటిక వేసింది. బురదను కిందికి దించడానికి పటిక మంచిదే. కరిగిపోయిన అమ్మోనియాను అది ఏమీ చేయలేదు. పైగా నీళ్లలో పులుపు, క్షారాల కొలత అయిన పీహెచ్‌ను నిలబెట్టే క్షారాన్ని తినేస్తుంది.

అపోహ: పెద్ద ట్యాంకు కదా, ఎన్నైనా వేయొచ్చు.

నీళ్లు ఎక్కువగా ఉంటే తప్పు నిదానంగా బయటపడుతుంది, అంతే. రెండంగుళాల ఆస్కార్ పిల్లలు పన్నెండు తీసుకుపోతామంటారు. ఒక్కొక్కటి అడుగు దాకా పెరుగుతుందని చెబితే నేను వ్యాపారం తెలియనివాణ్ణన్నట్టు చూస్తారు. ఫిల్టరులో బాక్టీరియా నిన్నటి మేతకు సరిపడా ఉంటుంది, రేపు రాబోయే చుట్టాలకు కాదు. వారానికి రెండు మూడు చేపలు చొప్పున పెంచండి.

అపోహ: తాగే ఆర్వో నీళ్లు పోస్తే చేపకు అంతకన్నా ఏం కావాలి?

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. మన జిల్లాలో బోరు నీళ్లంటే ఫ్లోరైడ్ భయం. తాగే నీళ్ల విషయంలో ఆ భయం న్యాయమైనదే. అదే లెక్కతో చేపలకు కూడా ప్లాంటు నీళ్లు తెప్పిస్తారు.

ఉద్యోగం చేసే సార్ ఒకాయన నాలుగడుగుల ట్యాంకును 20 లీటర్ల క్యాన్లతో నింపించాడు. ఎన్ని క్యాన్లో లెక్కేసుకోండి, పదిహేను పైనే. టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, 40. ఐదు నెలలు బాగానే నడిచింది. తగ్గిన నీళ్లూ ఆర్వోతోనే పోసేవాడు. చేపలు కొంచెం మందకొడిగా ఉన్నాయి, మేత తగ్గించాయి, అంతకు మించి ఏమీ లేదు. ఒక ఆదివారం ప్లాంటు మూసి ఉంది. సరేలే అని సగం నీళ్లు తీసేసి బోరు నీళ్లు పట్టాడు. సాయంత్రానికి పదకొండు చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. తెల్లారేసరికి ఏడు పోయాయి. "చూడప్పా, బోరు నీళ్లు విషమని నేను ముందే అనుకున్నా" అన్నాడు నాతో.

జరిగింది వేరు. బాక్టీరియా అమ్మోనియాను మార్చేటప్పుడు నీళ్లలోని క్షారాన్ని ఖర్చు పెడుతుంది, 1 గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు సుమారు 7 గ్రాములు. ఆర్వో నీళ్లలో ఖర్చు పెట్టడానికి క్షారమే లేదు. నెలలు గడిచేకొద్దీ పీహెచ్ దిగజారి 6 కిందికి పోయింది. అక్కడ బాక్టీరియా పని మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. కానీ పీహెచ్ తక్కువగా ఉన్నంతకాలం అది అమ్మోనియం రూపంలో, పెద్దగా హాని చేయకుండా ఉంటుంది. మొత్తంలో విషంగా పనిచేసే భాగం పీహెచ్ 7 దగ్గర నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8కి వస్తే, మన వేడిలో, నూటికి 5 నుంచి 7 వంతులు అవుతుంది. బోరు నీళ్లు పోయడంతో పీహెచ్ ఒక్కపూటలో ఎగబాకింది. విషం ఐదు నెలలుగా ట్యాంకులోనే పోగవుతోంది, పుట్టలో పడుకున్న పామును బోరు నీళ్లు లేపాయంతే.

ఇలాంటి స్థితి మీ ట్యాంకులో ఉందని అనుమానం వస్తే తొందరపడకండి. మేత ఆపండి. రోజుకు పది శాతం చొప్పున మాత్రమే నీళ్లు మార్చండి. ఆర్వో నీళ్లే వాడాలనుకుంటే బోరు నీళ్లతో కలిపి, టీడీఎస్ 200-300 మధ్య ఉండేలా ఒక కొలత పెట్టుకోండి. ఇన్ని బకెట్లకు ఇన్ని అని స్టాండు తలుపు లోపల రాసి పెట్టుకోండి, ఇంట్లో ఎవరు పోసినా అదే కొలత ఉంటుంది.

అపోహ: ఉప్పునీళ్లలో మంచి చేపలు బతకవు.

ఉప్పునీళ్లని మనం అనే బోరు నీళ్లు నిజానికి గట్టి నీళ్లు, సున్నం ఎక్కువ. మోలీలు, గప్పీలు, ప్లాటీలకు ఇవి ఇష్టం. ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్ చేపలు పుట్టిందే క్షారం ఎక్కువున్న నీళ్లలో, పీహెచ్ 8 వాటికి సొంత ఊరు మాదిరి. ఫ్లవర్‌హార్న్‌కు కూడా ఇబ్బంది లేదు. నియాన్ టెట్రా, డిస్కస్ మాత్రం అమెజాన్ ప్రాంతపు మెత్తని, అంటే సున్నం తక్కువున్న, నీళ్ల చేపలు, కొత్తవాళ్లు వాటి జోలికి పోవద్దు. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) ద్వారా పెన్నహోబిలం రిజర్వాయరు చేరి, అక్కణ్ణుంచి కొళాయికి వచ్చే తుంగభద్ర నీళ్లు బోరు నీళ్లకన్నా మెత్తగా ఉంటాయి, అవీ బాగానే పనికొస్తాయి. ఈ వారం కొళాయి, వచ్చే వారం బోరు, పండగకు ఆర్వో అంటేనే చిక్కు. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి పట్టిన రోజే పోయకుండా బకెట్లలో ఒక రోజు నిలవ ఉంచండి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

బోరు నీళ్లతో అసలు ఇబ్బంది ఎండాకాలంలో వస్తుంది. కూలర్ ప్యాడ్ల మీద తెల్లటి పెచ్చు కట్టడం అందరం చూసిందే. నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు పోదు. ట్యాంకులోనూ అంతే. ఏప్రిల్, మే నెలల్లో తగ్గిన నీళ్లను బోరు నీళ్లతోనే నింపుతూ పోతే, 700 ఉన్న టీడీఎస్ కొన్ని నెలల్లో ఎక్కడికో పోతుంది. ఇక్కడ ఆర్వో నీళ్లు నిజంగా పనికొస్తాయి. ఆవిరైనంత మాత్రమే ఆర్వో పోయండి, తీసి మార్చేటప్పుడు మామూలుగా వాడే నీళ్లే పోయండి.

ట్యాంకులో అందంగా ఉంటుందని తాడిపత్రి బండ, కడప బండ ముక్కలు పెడతారు. రెండూ సున్నపురాయే. బోరు నీళ్ల ట్యాంకులో వాటితో పెద్ద తేడా రాదు, ఆ నీళ్లలో ఇప్పటికే సున్నం ఉంది. మెత్తని నీళ్లలో మాత్రం నిదానంగా కరిగి పీహెచ్ పెంచుతాయి. ఏ రాయో తెలియకపోతే నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూడండి, నురగ వస్తే సున్నపురాయి.

అపోహ: టీడీఎస్ మీటరు ఉంది, అది చాలు.

అది కరిగిన ఉప్పులు మొత్తం ఎన్నో చెబుతుంది, అందులో అమ్మోనియా ఎంతో చెప్పదు. 700లో 2 మిల్లీగ్రాముల విషం ఉంటే మీటరుకు తెలిసేది కాదు. ఆ డబ్బుతో అమ్మోనియా చుక్కల కిట్టు కొనండి.

అపోహ: వారానికొకసారి మొత్తం కడిగేస్తే ఆరోగ్యం.

ఆదివారం పూట చేపల్ని బకెట్లో వేసి, రాళ్లన్నీ బాత్రూములో కడిగి, ఫిల్టరు స్పాంజ్‌ను కొళాయి కింద తెల్లగా పిండి, మిద్దె మీద ఎండేస్తారు. ఎంత ఓపికో! వారమంతా పెరిగిన బాక్టీరియా ఆ ఎండకు మాడిపోతుంది. సోమవారం నుంచి మళ్లీ కొత్త ట్యాంకే. ఇంత శ్రద్ధగా చూసుకునే ఇళ్లలోనే చేపలు ఎక్కువ పోవడం నేను చూశాను. వారానికి పావు వంతు నీళ్లు, అడుగున చేరిన చెత్తతో సహా పైపుతో లాగేసి, అంతే నీళ్లు పోయండి. స్పాంజ్‌ను తీసిన ఆ నీళ్లలోనే రెండుసార్లు పిండండి. బురద రంగు కొంచెం మిగలాలి.

మే నెలలో ఈ పని తెల్లవారుజామున చేయండి. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లలో చెయ్యి కూడా పెట్టలేం. వేడి పెరిగేకొద్దీ నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు కొంచెం పైన పట్టే నీళ్లు 35 దగ్గర 7 పట్టవు. మూత తీసి నీటిమీదికి చిన్న ఫ్యాను తిప్పితే మన పొడిగాలికి రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసుగడ్డలు వేయొద్దు.

అపోహ: రాత్రి మోటారు ఆపేయొచ్చు.

శబ్దానికి నిద్ర పట్టదని, కరెంటు బిల్లు అని ఆపుతారు. 20 వాట్ల ఫిల్టరు రోజంతా తిరిగినా నెలకు 14, 15 యూనిట్లు. ఫిల్టరంటే చెత్త పట్టే జల్లెడ మాత్రమే అనుకోవడం వల్ల వచ్చే తప్పు ఇది. అందులో ఉన్న బాక్టీరియాకు గాలి కావాలి, నీళ్లు కదలకపోతే అది ఉక్కిరిబిక్కిరి అవుతుంది. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టరు కరెంటు పోయి గంటలకొద్దీ ఆగిపోతే, మళ్లీ వేసే ముందు అందులోని నీళ్లు పారబోయండి. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి.

అపోహ: సక్కర్ ఫిష్ వేస్తే అదే శుభ్రం చేస్తుంది.

అది గాజు మీది నాచు తింటుంది, తిన్నదానికి తగ్గట్టు విసర్జిస్తుంది. అడుగు పైగా పెరుగుతుంది. పెరిగాక బరువై చెరువులో వదలకండి, ఆంధ్రలో చాలాచోట్ల చేపల చెరువుల వాళ్లకు అదొక పీడ అయి కూర్చుంది.

అపోహ: చేప నీరసంగా ఉంటే నీలం మందు వేయాలి.

మెత్తిలీన్ బ్లూ కొన్ని జబ్బులకు మందే, వేరే తొట్టిలో వాడాలి. పెద్ద ట్యాంకులో పోస్తే ఫిల్టరు బాక్టీరియా దెబ్బతినొచ్చు, మూలల్లోని సిలికాన్ నీలంగా మిగిలిపోతుంది. ముందు నీళ్లు పరీక్ష చేయండి. రాళ్ల ఉప్పు గురించి మాత్రం పెద్దవాళ్లు చెప్పేదాంట్లో నిజముంది. ఉప్పులోని క్లోరైడ్, మొప్పల్లోంచి నైట్రైట్ లోపలికి పోకుండా అడ్డుకుంటుంది. కిట్టులో నైట్రైట్ కనిపిస్తే లీటరుకు 1 గ్రాము లెక్కన, విడిగా కరిగించి, కొంచెం కొంచెంగా పోయండి. ఏ జబ్బూ లేకుండా వారం వారం ఉప్పు వేయాల్సిన పని లేదు.

ఇక దిష్టి సంగతి. చేప పోతే ఇంటిమీది దిష్టి తీసుకుపోయిందంటారు. మా అమ్మ కూడా అంటుంది, నేను వాదించను. మూడు రోజుల్లో ఆరు పోతే మాత్రం దిష్టిని కాసేపు పక్కన పెట్టి షాపుకు రండి. చచ్చిన చేపను కవర్లో తేవద్దు, దాన్ని చూసి నేను చెప్పగలిగేది తక్కువ. పొద్దున మేత వేయకముందు ట్యాంకు నీళ్లు ఒక సీసాలో, ఇంట్లో మీరు పోసే నీళ్లు ఇంకో సీసాలో అంచుదాకా నింపి తెండి. ఏది ఏ సీసానో మూత మీద రాయండి.