పీటల మీదికి పోటు: సముద్రం ఒడ్డున పెళ్ళిపై అపోహలు, వాస్తవాలు

గోదావరి డెల్టాలోని అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం తీరాల్లో పెళ్ళి చేద్దామని వచ్చేవాళ్ళలో చాలామంది మొదట చెప్పే మాట ఒకటే: "ఆదివారం సాయంత్రం వెళ్ళి చూశామండీ. నీళ్ళు ఎక్కడో ఉన్నాయి, బోలెడంత ఖాళీ." పందిరికీ పూలకీ పెట్టిన డబ్బు నీటిపాలయ్యేది ఈ నమ్మకంతోనే.

అపోహ: చూసిన రోజు నీళ్ళు ఎక్కడున్నాయో, పెళ్ళి రోజూ అక్కడే ఉంటాయి.

ఉండవు. మన తీరంలో రోజుకు రెండు పోట్లు (నీళ్ళు ఒడ్డు మీదికి రావడం), రెండు పాట్లు (వెనక్కి తగ్గడం). పోటుకీ పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు వేళ రోజుకు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతూ పోతుంది. వారం తిరిగేసరికి ఆ తేడా దాదాపు ఆరు గంటలు. ఈ ఆదివారం సాయంత్రం ఐదింటికి పూర్తి పాటులో మీరు నడిచిన ఇసుక, వచ్చే ఆదివారం అదే ఐదింటికి పోటు నీళ్ళ కింద ఉంటుంది. డెల్టా తీరానికి వాలు తక్కువ. నీటిమట్టం ఒక్క మీటరు పెరిగినా నీళ్ళు ఒడ్డు మీదికి పదుల మీటర్లు పాకుతాయి.

తిథి కూడా చూడాలి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది, అష్టమి ప్రాంతంలో చిన్నది. ఇంతవరకు చాలామందికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, అన్నిటికంటే పెద్ద పోటు సాధారణంగా అమావాస్యో పున్నమో దాటాక ఒకటి రెండు రోజులకు వస్తుంది. విదియ, తదియ పెళ్ళికి మంచి తిథులే, సముద్రానికి మాత్రం అవే ఉరవడి రోజులు. "పౌర్ణమి వెళ్ళిపోయింది కదా" అని ధీమాగా ఉండకండి.

ముహూర్తం కుదరగానే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ఇచ్చే పోటుపాట్ల అంచనా చూసి, ఆ రోజు నిండు పోటు ఎన్నింటికో పెళ్ళి కాగితం మీదే రాసుకోండి. తర్వాత చోటు చూడటానికి ఎప్పుడంటే అప్పుడు వెళ్ళొద్దు. పెళ్ళి బహుళ తదియ నాడైతే, దానికి పదిహేను రోజుల ముందు వచ్చే శుద్ధ తదియ నాడు, అదే గంటకు వెళ్ళి నిలబడండి. పోటు దాదాపు అదే వేళకు, అదే తీరున ఉంటుంది. ఇసుక మీద గుర్రపుడెక్క, పుల్లలు, గవ్వలు వరుసగా పేరుకున్న గీతలు కనిపిస్తాయి. అన్నిటికంటే పైనున్న గీతకు కనీసం 50 అడుగులు వెనక మీ పందిరి ముందు గుంజ ఉండాలి. సరుగుడు తోట అంచు దొరికితే మరీ మంచిది. ఫొటోల కోసం నీళ్ళ దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు, పీటలు అక్కడ వేయక్కర్లేదు.

నది సముద్రంలో కలిసే మొగ దగ్గర మాత్రం అసలు వద్దు. అక్కడ ఇసుక తిప్పలు ఏటికేడు చోటు మారతాయి. పాటు వేళ నది నీళ్ళు సముద్రంలోకి లాగే జోరుకు మోకాలి లోతులో కూడా పిల్లల కాళ్ళు నిలవవు.

అపోహ: వాన సంగతి వాతావరణ శాఖ చెబుతుంది, అప్పుడు చూసుకోవచ్చు.

కార్తీక, మార్గశిర మాసాల ముహూర్తాలు సరిగ్గా తుపానుల కాలంలో పడతాయి. మే నెలకూ ఆ ముప్పు ఉంది. కోనసీమను ఊడ్చేసిన తుపాను 1996 నవంబరు 6న వచ్చింది. ఆ రాత్రి చూసిన పెద్దవాళ్ళు "ఒడ్డున వద్దమ్మా" అంటే చాదస్తమని కొట్టేయకండి. వాళ్ళ భయం పోవాలంటే లోపల ఊళ్ళో ఒక కల్యాణ మండపానికి కూడా అడ్వాన్సు ఇచ్చి, మూడు రోజుల ముందు తేల్చుకోండి. హెచ్చరిక వచ్చాక మండపం వెతికితే దొరకదు.

అపోహ: పందిరి గట్టిగా కడితే గాలికి ఆగుతుంది.

పొడి ఇసుకలో ఇనుప మేకులు పట్టవు. గుంజ మూడడుగుల లోతు దిగాలి. 40 కిలోల ఇసుక బస్తాకు తాడు కట్టి, మూడడుగుల గోతిలో పాతి, ఆ తాడును ఏటవాలుగా గుంజకు బిగించాలి. పక్కలకు గుడ్డ కట్టొద్దు, అది తెరచాపలా పందిరినే లాక్కుపోతుంది. హోమగుండాన్ని ఇసుకలో అడుగు లోతుకు దించి, గాలి వచ్చే వైపు కొబ్బరాకు తడిక పెడితే అగ్ని నిలుస్తుంది.

ఒడ్డున పెళ్ళికి శాస్త్రం ఒప్పుకోదనేది ఉత్త పుకారు. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం ఏటా మాఘమాసంలో ఆ తీరపు ఊళ్ళోనే జరుగుతోంది. ఆ వారం మాత్రం అక్కడ ముహూర్తం పెట్టుకోకండి. సఖినేటిపల్లి రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) దగ్గరే మగపెళ్ళివారు ఆగిపోతారు.

అనుమతి అక్కర్లేదనేదీ తప్పే. పోటు గీత నుంచి 500 మీటర్ల వరకు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ మండలం) నిబంధనలు వర్తిస్తాయి. సిమెంటు దిమ్మలు పోయడం, ఇసుక దిబ్బలు చదును చేయడం కుదరదు. పంచాయతీ, తహసీల్దారు, పోలీసు స్టేషన్, ముగ్గురికీ నెల ముందే అర్జీ పెట్టండి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు, డీజే నిషేధం. అర్ధరాత్రి లగ్నమైతే బ్యాండు వాళ్ళకు ఆ మాట ముందే చెప్పాలి.

జనరేటరు గట్టి నేల మీదే ఉండాలి. ఉప్పు తడి ఇసుకలో కరెంటు పారుతుంది కాబట్టి వైరు జాయింట్లు ఒక్కటీ నేలకు తగలకూడదు, ఈఎల్‌సీబీ (కరెంటు నేలకు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) లేని బోర్డు ఒప్పుకోవద్దు. లైట్లు ఊరి వైపు తిప్పి పెట్టించండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో గుడ్లు పెట్టే తాబేళ్ళూ, వాటి పిల్లలూ సముద్రం వైపు పడే లైట్ల వెలుగు చూసి దారి తప్పుతాయి.